జంపఖానా దులపవద్దు

గుంటూరు,
ఆదివారం పొద్దున.

అన్నయ్యకు తమ్ముడు మస్తాన్ చేసే సలాములు. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వు, అమ్మ, వదిన, చెల్లెలు హుస్సేన్‌బీ, దాని ముద్దుల కొడుకు, అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మేనల్లుడు బోర్లా పడ్డాడనీ, ఊళ్ళో బొబ్బట్లు పంచారనీ రాశావు. నా వాటా బొబ్బట్లు ఎవరు తిన్నారో ఊరొచ్చాక తేలుస్తాను.

నా గురించి దిగులు పడవద్దు. షావుకారు గారి ఇంట్లో పని బాగానే ఉంది. దూది ఏకే ఇంట పుట్టినవాడికి తివాచీల సేవ అప్పగించారు. నాయన ఉంటే నవ్వేవాడు. హాల్లో పెద్ద ఉన్ని తివాచీ ఉంది. దాన్ని తిరగేసి దండెం మీద వేసి, వీపు వైపే బెత్తంతో కొట్టాలి. తరువాత చల్లటి కుంకుడు రసంలో గుడ్డ ముంచి, పిండి, అద్దినట్టు తుడవాలి. వేడినీళ్ళు తగిలితే ముడుచుకుపోతుంది. ఎండలో వేస్తే రంగు పోతుంది, నీడలోనే ఆరాలి. అమ్మగారి గదిలోది పట్టుది. దాన్ని ఎంత బతిమాలాలో! నీళ్ళు తగలకూడదు, పొడిగుడ్డతో ఒకే వైపుకు నిమరాలి, ఎదురు నిమిరితే ముఖం మాడ్చుకుంటుంది. వరండాలో కొబ్బరిపీచు పట్టాలను నేలకేసి బాదితే చాలు. మన ఇంట్లో లాంటి నూలు జంపఖానాలైతే చవుడు పెట్టి ఉతికి ఎండలో పడేస్తాను. వాటితోనే నాకు ప్రాణం హాయిగా ఉంటుంది.

ఎటొచ్చీ ఈ మిరప ఘాటే చంపుతోంది. ఇంటి వెనకే కొట్టు, పొద్దస్తమానం మిరప బస్తాలు దింపుతూనే ఉంటారు. కళ్ళవెంట నీళ్ళు, గొంతులో మంట, తలనొప్పి. ఈ మధ్య చేతులు కూడా సన్నగా వణుకుతున్నాయి, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోవద్దు. ఇంట్లో అందరూ దగ్గుతున్నారు. "మిరపకాయల ఊళ్ళో ఉండి దగ్గకపోతే ఎట్లారా?" అంటారు అమ్మగారు. ఆమె మనవరాలికి నాలుగేళ్ళు. తివాచీ మీద బొమ్మలు పరుచుకుని ఆడుతూ నన్ను "తివాచీ మామయ్యా" అని పిలుస్తుంది. దానికీ ముక్కూ కళ్ళూ కారుతున్నాయి. ఇంట్లో పిల్లి నిన్న ఆ తివాచీ మీదే చచ్చిపడి ఉంది. ఏం రోగమో తెలియదు. ఎందుకో రాత్రంతా నాకు మనసు మనసులో లేదు.

ఇంకో మాట. పోయిన వారం బస్సు డ్రైవరు కోటయ్యతో పంపిన పొడి అందిందా? నల్లులు కుట్టి మేనల్లుడికి దద్దుర్లు తేలాయని రాశావు కదా, అందుకే పంపాను. అది పత్తి చేలో పురుగుకు చల్లే మందు. ఇక్కడ ఉన్ని తివాచీని పురుగు కొరుకుతుంటే ఇదివరకు ఎండు వేపాకూ పొగాకు కాడలూ వేసేవాణ్ణి. అమ్మగారు పొలం నుంచి ఈ డబ్బా తెప్పించి చల్లమన్నారు. చల్లాను, పురుగన్నది లేకుండా పోయింది. మీరూ జంపఖానా మీద బాగా చల్లండి, మడతల్లో కూడా. పిసినారితనం చేయవద్దు.

సోమవారం, బస్టాండు.

అన్నయ్యా, నిన్న పొడి గురించి రాసినదేదీ చేయవద్దు.

ఈ పొద్దున పాప ఆడుకుంటూ ఆడుకుంటూ తివాచీ మీద పడి కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. నోటివెంట నురగ వచ్చింది. కారులో ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను తివాచీ ఎత్తుతూ ఉంటే, పొలం నుంచి బండి తోలుకొచ్చిన సుబ్బయ్య పక్కనే ఉన్న డబ్బా చూశాడు.

"ఒరేయ్ మస్తానూ, ఇది ఇంట్లో ఎందుకుందిరా?"

"తివాచీకి చల్లుతున్నా."

"నీకేమన్నా మతుందా? చేలో చల్లేటప్పుడే మూతికి గుడ్డ కట్టుకుంటాం. గాలికి ఎదురు పోయినోడికి కళ్ళెంట నీళ్ళు, దగ్గు, వణుకు. పోయినేడు ఆ గట్టు మీద గడ్డి మేసి మా ఎద్దు పడిపోయింది."

మాకు పట్టింది మిరప ఘాటు కాదు. ఆ తివాచీని రోజూ కొట్టి, ఆ దుమ్మును ఇల్లంతా లేపింది నేనే. పరుగెత్తుకెళ్ళి అమ్మగారికి చెప్పాను, డబ్బాను డాక్టరు దగ్గరికి పంపించారు. పాప ఇంకా కళ్ళు తెరవలేదట.

మీరు ఈపాటికే పొడి చల్లి ఉంటారు, పిల్లాణ్ణి ఆ జంపఖానా మీంచి ఎత్తండి. ఒళ్ళంతా సబ్బు పెట్టి కడగండి. హుస్సేన్‌బీని కూడా స్నానం చేసి, చీర మార్చుకున్నాకే పాలివ్వమను. జంపఖానా దులపవద్దు. అమ్మకు పక్క చూడగానే చేత్తో చరిచే అలవాటు, ఆమెను అటు పోనివ్వకు. బావి దగ్గర ఉతకవద్దు, ఊరంతా తాగేది ఆ నీళ్ళే. కాల్చవద్దు, ఆ పొగ మళ్ళీ ఇళ్ళలోకే వస్తుంది. నువ్వు మూతికి గుడ్డ కట్టుకుని, తడిగోనె కప్పి, మెల్లగా చుట్టి, బావికి దూరంగా లోతుగా గుంట తీసి పూడ్చెయ్యి. మిగిలిన పొడి కూడా. అది అమ్మ పెళ్ళినాటిదని నాకు తెలుసు. అయినా పూడ్చెయ్యి. వాడు పాలు వదిలేసినా, ఒళ్ళు కొంచెం అదిరినా తాయెత్తులంటూ ఆగకుండా ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపో. పురుగుమందు అని చెప్పు, దాచవద్దు.

నిన్న రాసింది చింపేద్దామంటే దాని వెనక పక్కే ఇది రాస్తున్నాను. ఇంకో కాగితం కోసం పోతే కోటయ్య నడిపే పొదిలి బస్సు వెళ్ళిపోతుంది. ఉత్తరం వస్తే నువ్వు అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చదువుతావు. అందరూ కూర్చునేది ఆ జంపఖానా మీదే. పిల్లాడు నీ ఒళ్ళో ఉంటాడు. అది తలుచుకుంటే నాకు భయంగా ఉంది. అందుకే కోటయ్యకు నోటితో కూడా చెప్పాను. "ఉత్తరం చేతికిచ్చే ముందే పిల్లాణ్ణి బయటికి తీసుకురమ్మను కోటయ్యా."

"చెప్తాలేవయ్యా. ముందు నువ్వు కూర్చో, అట్టా వణికిపోతున్నావేంటి?" అన్నాడు.

అమ్మకూ వదినకూ సలాములు. నా కోసం కాదు, వాడి కోసం దువా చేయమను. రేపు కోటయ్య బస్సు తిరిగి వచ్చేదాకా నేను ఇక్కడి నుంచి కదలను. వాడు పాలు తాగుతున్నాడో లేదో, ఆ ఒక్క మాట చెప్పి పంపు.

నీ తమ్ముడు,
మస్తాన్