వంతెన అవతల కర్ర అందుకునేది ఎవరు

తమ్ముడు గట్టయ్యకు అన్న ఓదెలు రాయునది. నేను రిటైరైన రోజు గని నుండి ఇంటిదాకా అందరూ డప్పులతో నా వెంట వచ్చినారు. నువ్వు రాలేదు. గోదావరి దాటితే మీ మంచిర్యాల, ఏమంత దూరం? ఏడేళ్లుగా అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను.

వచ్చే నెల మన కాలనీవాళ్లు గోదావరిఖని నుండి గోలేటి దాకా వంతుల పరుగు పెడుతున్నారు. ఒకడు తన వంతు ఉరికి, చేతిలోని కర్రను ముందున్నవాడికి అందించాలి. "కాకా, నువ్వు జీపుల కూసోని నీళ్లు అందియ్యి" అన్నాడు జట్టు పెద్ద జగదీశ్వర్. "నీళ్లు నువ్వే అందియ్యిరా. గోదావరి వంతెన మీది వంతు నా పేర రాయి" అన్నాను. "అవుతల కర్ర ఎవలు అందుకుంటరు మరి?" అని నవ్వినాడు. "మా తమ్ముడు" అని నోటికి వచ్చింది, అనేసినాను. నీ పేరు రాసుకున్నారు.

ఉరకలేకపోతే నడువు. మరదలి మోకాలి నొప్పి ఎట్ల ఉంది? మీ వదిన ఉసిరికాయ తొక్కు పెట్టింది, బస్సులో పంపదు, నువ్వు వస్తేనే ఇస్తుంది. పిల్లలకు దీవెనలు.

ఆదివారం పేర్లు ఖాయం చేస్తారు. నువ్వు రాకపోతే కర్ర ఇంకెవరికీ ఇయ్యను, మీ ఇంటిదాకా నేనే ఉరికి వస్తాను. మరదలితో కబురు పంపకు. శనివారంలోగా నీ చేతిరాతతోనే జవాబు రావాలి.