మర్జానా గది గడియ

కువైట్‌లో, మేమంతా మామా అని పిలిచే యజమానురాలి ఇంట మేడమీది గదిలో ఉంటున్న, కోనసీమ వాస్తవ్యురాలు నేలపూడి సారమ్మ అనే నేను, వయస్సు నలభై ఏడు, పూర్తి తెలివితో, ఒకరి బలవంతం లేకుండా రాసుకున్న వీలునామా ఇది. ఈ ఇంట్లో బలవంతం లేకుండా నేను చేసిన పని ఇదొక్కటేనండి.

రేపు నన్ను ఎడారిలో తోటకి పనికి పంపుతున్నారు. ఇంట్లోవాళ్ళెవరూ రారట. డ్రైవర్ రసూల్ అన్నని వద్దని వేరే బండి మాట్లాడారు. మా అక్కకూతురు క్రిస్టీనా ఈ ఇంట్లోంచి తప్పించుకుపోయింది. అదెక్కడుందో చెప్పమని మామా పెద్దకొడుకు రోజూ అడుగుతున్నాడు. చెప్పలేదు. తోటలో ఎవరడిగినా చెప్పను. భయం లేదా అంటే, అమ్మో, ఎందుకు లేదూ!

1. ఈ కాయితంతో పాటే రసూల్ అన్నకిస్తున్న నా మెడలో గొలుసు క్రిస్టీనాకి. దాచుకోకే పిల్లా, అమ్మి టిక్కెట్టు కొనుక్కుని ఇంటికి పో.

2. ఈ ఇంట్లో నేను సేవ చేసిన ముసలమ్మ మర్జానా. నల్లావిడ. వాళ్ళ అమ్మమ్మని ఆఫ్రికా నుంచి పడవలో తెచ్చి ఈ వంశానికి అమ్మారు. బానిసత్వం పోయిందన్నారు గానీ, మర్జానా గదికి గడియ చివరిదాకా బయటే ఉండేది. ఆవిడ పోయిన రోజున దాన్ని నేనే ఊడబెరికాను. ఆ గడియనీ, నేను కొని దాచుకున్న, నల్లవాళ్ళు సంకెళ్ళు తెంచుకున్న చరిత్ర పుస్తకాలనీ మా ఊరి గ్రంథాలయానికి ఇస్తున్నాను. అన్నీ రసూల్ అన్న దగ్గరున్నాయి.

గడియని బీరువాలో దాచకూడదు. పిల్లల చేతికందేలా బల్లమీద, మర్జానా పేరుతో పెట్టాలి. ఏడాదికోసారి క్రిస్టీనా చేత ఆవిడ కథ చెప్పించాలి. పుస్తకం తీసుకెళ్ళేవాళ్ళ కార్డులేవీ హామీగా అట్టేపెట్టుకోకూడదు. మనిషి కాయితాలు లాక్కుని తాళం వేసేది కఫీల్, అంటే ఇక్కడ వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న యజమాని. గ్రంథాలయం కూడా ఆ పనే చేస్తే మర్జానా పేరు తీసెయ్యండి.

3. మా పేట పిల్లల్ని గ్రంథాలయం అరుగు కిందే నిలబెట్టి, పుస్తకం చేతికివ్వకుండా విసిరేసిన ఆనాటి పంతులు గారికి ఏమీ ఇవ్వను. పోనీలెండి, ఆయన మనవలొస్తే మాత్రం చేతికే ఇవ్వండి.

4. మామా చిన్నపాపకి నా జోలపాట వినందే నిద్రపట్టదు. వంటమనిషి సుల్తాన్‌బీకి నేర్పాను. పాపం, ఆ పసిదాని తప్పేముంది.

5. ఇవన్నీ జరిపించే బాధ్యత రసూల్ అన్నది. ఆదివారానికి నేను తిరిగొస్తే ఈ కాయితం చింపేసి, నా పిరికితనానికి నవ్వుకోండి. రాకపోతే ఇంకొక్క పని. మొన్న మంగళవారం నా గదికీ బయట గడియ బిగించి తాళం వేశారు. ఇప్పుడే ఊడబెరుకుతానన్నావు గానీ అన్నా, వద్దు. నీ పాస్‌పోర్టూ వాళ్ళ దగ్గరే ఉంది, నీకు పిల్లలున్నారు. నువ్వు ఊరెళ్ళే రోజున ఊడబెరికి తీసుకెళ్ళు. మర్జానా గడియ పక్కన పెట్టి, కింద నా పేరు రాయించు.

గురువారం, 12 ఫిబ్రవరి 2004.

(సం.) నేలపూడి సారమ్మ

సాక్షులు, తలుపు కింది సందులోంచి ఈ కాయితం అందుకుని, బయట నిలబడి సాక్ష్యం పెట్టినవారు:
షేక్ రసూల్, డ్రైవర్, రాయచోటి (సంతకం)
సుల్తాన్‌బీ, వంటమనిషి, కడప (వేలిముద్ర)