రేకు కింది కందిరీగలు

డిసెంబర్ 2
చలి. బాయిలర్ షెడ్డు రేకు కింద కందిరీగల తుట్టె. పొద్దెక్కినా ఒక్కటీ ఎగరలేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా కూర్చున్నాయి. రేకులు విప్పే యాదగిరి కింద నిలబడి చూశాడు.
"సచ్చినయా కాకా?"
"సావలే. చలికి కూసున్నయ్. నా లెక్కనే."

డిసెంబర్ 4
ఫ్యాక్టరీ మూతపడి ఏడాది. నేను కాపలా. అంతకుముందు ఇదే బాయిలర్ నడిపాను. ఇప్పుడు దాన్ని ఎవరో కొంటారట. క్రేన్‌తో ఎత్తాలంటే ముందు పైరేకులు తియ్యాలి. తుట్టె అక్కడే అడ్డం.

డిసెంబర్ 5
పదింటికి ఎండ పడితే రెండు దిగివచ్చాయి. నల్లా కింద తడి తాగి పోయాయి. మిగతావి కదలవు. తిండి లేదు, పని లేదు... ఒకదాని వేడికి ఒకటి బతుకుతున్నాయి. చూస్తూ కూర్చుంటే మోకాళ్లు పట్టేశాయి.

డిసెంబర్ 8
యాదగిరికి భయం. కాల్చేద్దాం అంటాడు. వద్దన్నాను. పొద్దు పొడవకముందు చలికి రెక్క లేవదు. గోనెసంచి తొడిగి, మూతి బిగించి, కోసేస్తే అయిపోతుంది. ఎన్ని తుట్టెలు దించలేదు నేను, ఇట్లాగే.
"నీ మాటకు గ్యారంటీ కార్డు ఉన్నదా కాకా?"
"ముప్పై ఏండ్లు ఈ బాయిలర్ ముంగట నిలవడ్డ. గదే కార్డు."
నవ్వాడు. ఎల్లుండి పొద్దున వస్తానన్నాడు.

డిసెంబర్ 9
కొనేవాడు వచ్చాడు. బాయిలర్ నడిపి చూపించమన్నాడు. సూపర్‌వైజర్ నన్నే పిలిచాడు — "దాని మర్జీ నీకే ఎరుక పెద్దాయనా." సాయంత్రం దాకా మంట పెట్టాను. ఆవిరి పట్టింది. గేజీ ముల్లు లేచింది. కొనేవాడు నాతో చెయ్యి కలిపాడు. నాతో. చాన్నాళ్లకు అన్నం సయించింది.

డిసెంబర్ 10
పొద్దు పొడవకముందే వచ్చాడు యాదగిరి. నేనెక్కుతానంటే విన్లేదు. "నీ మోకాళ్లకు నిచ్చెనెందుకు కాకా." ఎక్కాడు. సంచి భుజాన. రేకు పట్టుకుని ఆగాడు.
"కాకా, రేకు ఎచ్చగున్నది..."
అంతే. ముద్ద విచ్చుకుంది.
బాయిలర్ ఒక్క రాత్రిలో చల్లారదు. ఈ సంగతి నాకంటే తెలిసినవాడు లేడు.

డిసెంబర్ 11
పటాన్‌చెరు దవాఖాన. యాదగిరి ముఖం వాచి గుర్తుపట్టేట్టు లేదు. విషం కిడ్నీల మీద పడిందట. మూత్రం వస్తే గండం దాటినట్టే అన్నాడు డాక్టర్. యాదగిరి భార్య లక్ష్మి అడిగింది — "చలిల లేవయంటివట గదా కాకా. మరి ఎట్ల లేచినయ్?"
చాయ్ తెస్తానని బయటికి వచ్చాను.

డిసెంబర్ 12
మూత్రం రాలేదు.
"నీ తప్పేమున్నది, పురుగులాయె" అంటాడు సూపర్‌వైజర్. బాయిలర్ మాట అతను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

డిసెంబర్ 13
పొద్దు పొడవకముందే షెడ్డుకు వెళ్లాను. కందిరీగలు మళ్లీ ముద్దగా కూర్చున్నాయి. నిచ్చెన ఎక్కాను. రేకు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఒక్కటీ లేవలేదు.
ఆ రోజు పెట్టని చెయ్యి ఇప్పుడు పెట్టాను.
ఫోన్ మోగుతోంది. లక్ష్మి. చెప్పాలి... మంట పెట్టింది నేనే అని.
ఎత్తితే ముందు ఆమె ఏం చెబుతుందో.