కంచం తిప్పాక

డబ్లిన్,
సోమవారం.

ప్రియమైన వదినకు నీ ఆడపడుచు మేరీ వందనాలు. దేవుని దయవల్ల నాకు జలుబు తప్ప ఏ లోటూ లేదు. రేపల్లెలో మీరంతా బాగున్నారని నిన్న వీడియోలో చూశాను. అయినా అడగకుండా ఉత్తరం మొదలుపెట్టలేను, అందరూ కులాసానా?

ఫోన్‌లో చెప్పిందే మళ్లీ ఎందుకు రాస్తున్నానంటే, ఇది నువ్వు ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక నలుగురిలో చదవాలి. పక్షవాతం వచ్చిన అత్తకు కోడలు కూర కూడా వేయడం లేదని చెవులు కొరుక్కున్న వాళ్లందరూ వినాలి. నువ్వు బాపట్ల పుట్టింటికి బట్టలు సర్దుకునేదాకా తెచ్చారు కదా. వడ్డించిన కూర కంచంలోనే ఉంచి అమ్మ నింద వేస్తోందని నువ్వూ ఎంత కుమిలిపోయావో నాకు తెలుసు.

ఇక్కడ వాన పట్టుకుందంటే వదలదు. అన్నం వండుకుంటున్నాను, బెంగ పెట్టుకోకు. నేను నర్సుగా చేసే వార్డులో మెదడు దెబ్బతిన్నవాళ్లు ఉంటారు. మెదడులో ఏ చోటు పాడైతే మనిషికి ఏ పని తప్పిపోతుందో చూసి, ఆ చోటుకు ఆ పనితో సంబంధం ఉందని మా డాక్టరమ్మ తెలుసుకుంటుంది. మొన్న ఒక పెద్దాయన చేత గడియారం బొమ్మ గీయించింది. అంకెలన్నీ కుడివైపే కుక్కేశాడు. భోజనం కూడా కుడి సగమే తిని, తక్కువ పెట్టామని మమ్మల్ని తిట్టాడు. ఆయన కళ్లకేమీ కాలేదట. మెదడు కుడిభాగం దెబ్బతినడంతో ఎడమవైపు ఒకటుందనే సంగతే ఆయనకు తోచదట. డాక్టరమ్మ పళ్లెం తిప్పింది. మిగిలిందంతా తినేశాడు.

నాకు అమ్మ కంచం గుర్తొచ్చింది. మనింట్లో ఆవకాయ కుడిపక్క, కూర ఎడమపక్క కదా వదినా. వెంటనే అన్నయ్యకు ఫోన్ చేశాను.

నిన్న నువ్వు కంచం తిప్పుతుంటే వీడియోలో చూశాను. అమ్మ గోంగూర రొయ్యలు కలుపుకుని, "ఇంత కూర ఎప్పుడేశావే?" అంది.

"ముందునుంచీ ఉందండి అత్తయ్యా" అని నువ్వు కళ్లకు కొంగు అడ్డం పెట్టుకున్నావు.

నేనైతే ఇక్కడ ఎగిరి గంతేశాను. ఇవాళ వార్డంతా స్వీట్లు పంచాను. గెలిచావు వదినా. మన అమ్మా అబద్ధమాడలేదు, నువ్వూ తప్పు చేయలేదు. తలెత్తుకుని చదువు.

పొన్నూరు పిన్ని కూతురు ఇటు వస్తోంది, ఆమె చేత కాస్త ఆవకాయ పంపు. అన్నయ్యకు, పెద్దలందరికీ వందనాలు. నా కోసం ప్రార్థన చేయమని అయ్యగారికి చెప్పు.

మరొక్క మాట. ఇకనుంచి గుడిలో అమ్మకు ఎడమపక్కనే కూర్చో. అటునుంచే పిలువు. అలా చేస్తే మెల్లగా అటు చూడడం అలవాటవుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఇన్నాళ్లూ నువ్వు పెట్టింది ఆమెకు కనిపించలేదు. ఇకమీదట ఆమే తల తిప్పి నిన్ను వెతుక్కుంటుంది.

నీ దీవెనలు కోరే
మేరీ