చెరకాకు మంట, ఏసీ గాలి

నిజామాబాద్

పెద్దబాపుకు దీక్షిత నమస్కారాలు.

ఫోన్ చేస్తే "ఆఁ, ఆఁ" అని పెట్టేస్తావు, అందుకే ఈ ఉత్తరం. మా కాలేజీలో చర్చా పోటీ ఉంది. "ఎండలు ఇంతగా ముదరడానికి బాధ్యులెవరు?" అన్నది విషయం. "రైతులే" అని వాదించడం నా వంతుకొచ్చింది. చెరకు కొట్టాక ఆకునంతా ఎందుకు కాలుస్తారు? ఆ పొగ ఎటు పోతుందో ఎప్పుడైనా చూశావా?

నీ తమ్ముడి బిడ్డ,
దీక్షిత

తా.క.: నా ప్రసంగం నీ పేరుతోనే మొదలవుతుంది.

•

బోధన్ దిక్కు, మన ఊరు

బిడ్డ దీక్షితకు పెద్దబాపు రామ్‌దాస్ దీవెనలు.

నీ ఉత్తరం మన ఊర్ల సదువొచ్చిన పోశన్నకు సూపెట్టిన. "బాధ్యులు" అంటే కేసుల రాసే మాట అన్నడు. ఏ ఠాణల పెట్టినవ్ బిడ్డా కేసు? ఆకు కాలవెట్టకుంటే నీళ్లకు అడ్డం వడ్తది, ఏరుదామంటే కూలోళ్లు దొరుకుతలేరు. మీ పెద్దమ్మ ఒక్క మాట అడుగుమన్నది. మీ ఇంట్ల ఏసీ లోపట సల్లగ చేస్తది గదా, మరి ఆ ఉడుకంత ఏడికి పోతది?

ఇట్లు,
భయంతోని మీ పెద్దబాపు

తా.క.: నా పేరు తీసెయ్. మన పక్క చేను ఎర్రన్న పేరు రాసుకో. ఆయన నాకన్న మస్తు కాలవెడ్తడు.

•

నిజామాబాద్

పెద్దబాపూ, ముందు కుదురుగా కూర్చుని చదువు.

కేసు లేదు, ఠాణా లేదు! గెలిస్తే కప్పు ఇస్తారు, అంతే. పెద్దమ్మ ప్రశ్నకు జవాబు తెలియక, మేడెక్కి బయటి ఏసీ డబ్బా ఎదుట నిలబడ్డాను. పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంది. ఆ వేడిగాలి నేరుగా పక్కింటి భీమవ్వ కిటికీలోకే పోతోంది. ఆమెకేమో ఫ్యాన్ తప్ప ఏమీ లేదు. నాన్న మాత్రం చల్లని గదిలోంచి "అంతా రైతులదే అని గట్టిగా చెప్పు!" అని అరిచాడు.

ఒక్క చెక్క పొలంలో ఆకు కాల్చకుండా సాళ్ల మధ్య పరిచి చూడవా? కింద మట్టి ఎలా ఉందో రాయి.

ఆత్రంగా,
దీక్షిత

తా.క.: ఎర్రన్న మా నాన్నకు ఫోన్ చేసి "జామీను నువ్వే ఉండాలె" అన్నాడట. ఆయనకు ఏం చెప్పావు?

•

మన ఊరు

బిడ్డా, అందరం మంచిగున్నం.

ఆకు పరిసిన. పాములొస్తయని మీ పెద్దమ్మ ఒక్కటే లొల్లి. పాములు రాలె గని వానపాములొచ్చినయ్! ఆకు ఎత్తి సూస్తే మన్ను తడితడిగున్నది. కాలవెట్టిన చెక్కల మన్ను పెంకు లెక్క ఎండింది. గిదేందో నాకు పూరా సమజ్ కావాలె. పోటీకి అందరం బస్సుల వస్తున్నం.

దీవెనలతో,
పెద్దబాపు

తా.క.: కేసు కాదంటే ఎర్రన్న నమ్ముతలేడు. బోధన్ల వకీలును మాట్లాడుకున్నడు.

•

నిజామాబాద్

పెద్దబాపూ, ఎంత పని చేశావు!

ఆ ఏసీ డబ్బా ఎదుట నిలబడ్డాక నాకు మనసొప్పలేదు. సార్‌ను బతిమాలి రైతుల వైపుకు మారాను. ఆ మాట నీకు రాయడానికి వీలు పడలేదు. వేదిక మీద "రైతుల తప్పు ఏమీ లేదు, అంతా పట్నం ఏసీలదే!" అని నేను గొంతు చించుకుంటుంటే, వెనక వరుసలోంచి నువ్వు లేచి "ఆగు బిడ్డా! గది అబద్ధం. మేం గూడ కాలవెడ్తున్నం. కావాలంటె వచ్చి మన్ను సూడుండ్రి!" అన్నావు. హాలంతా చప్పట్లు. వెంటనే ఎర్రన్న వకీలు లేచి "మా క్లయింటు ఇంకా ఏమీ ఒప్పుకోలేదు" అన్నాడు.

నేను ఓడిపోయాను. కప్పు నీ చేతికిచ్చారు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఇంతకీ బాధ్యులెవరో నాకింకా తేలలేదు. ఆదివారం వస్తున్నా. ఆ తడి మట్టిని నా చేత్తో పట్టి చూడాలి.

నీ చేతిలో ఓడిన,
దీక్షిత

తా.క.: వచ్చే పోటీకి మా కాలేజీ తరఫున నిన్నే పంపాలని సార్ పట్టుబట్టారు. ఏ వైపు మాట్లాడతావో మాత్రం ఈసారి ముందే చెప్పు.