చిన్నారి ఫోల్డర్

చోడవరం,
ఆదివారం.

నా ఉదయ్‌కి,

ఎదురుగా సారీ చెప్పలేక రాస్తున్నాను. నువ్వు విశాఖలో ఆఫీసు చూసుకుంటావు, చెల్లి చిన్నారి పదో తరగతి పరీక్షలయ్యేదాకా నేను ఇక్కడ అమ్మ దగ్గరుండి పని చేస్తాను అనుకున్నాం కదా. ఇక్కడ కూర్చుని చేసిన పనంతా పోగొట్టాను.

పాఠాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ చేద్దామన్నది నువ్వే. కానీ పుట్టుకతోనే చూపులేని చెల్లెలు పక్కన కూర్చుని వింటుంటేనే అది ఎంత తప్పుగా చదువుతోందో నాకు తెలిసింది. 'క్రీ.పూ.' అని ఉంటే 'క్రీపూ' అనేది. చిన్నారి పడీ పడీ నవ్వేది. "అక్కా, క్రీపూ అంటే ఏటి, పువ్వా?" అనేది. 'కి.మీ.'ని 'కీమీ' అనేది. పద్యంలో ఊపిరి తీసుకోవలసిన చోట ఆగేది కాదు. ఒక్కొక్కటే చిన్నారి పట్టుకోవడం, నేను దానికో నియమం రాయడం. పాఠంలో బొమ్మ వస్తే యంత్రం మౌనంగా దాటిపోతుంటే చిన్నారికి కోపం వచ్చింది. "బొమ్మ ఉందని సెప్పాలి కదా. 'ఇక్కడ బొమ్మ ఉంది. పక్కనున్నవాళ్లని అడుగు, సిగ్గుపడకు' అని సెప్పమను" అంది. అదీ రాశాను. అన్నీ చిన్నారి పేరు పెట్టిన ఫోల్డర్లో ఉండేవి.

అమ్మ అడిగింది, "ఏటే, కంప్యూటర్లో దాసింది ఎలాగ పోతాదే?" అని. మనం పని చేసే ఫోల్డర్‌ని గిట్ అనే సాఫ్ట్‌వేర్ కనిపెట్టుకుని ఉంటుందని చెప్పాను. ఫైలు అక్కడ పడి ఉన్నంత మాత్రాన అది దాచదు. 'యాడ్' అని చెబితేనే లెక్కలోకి తీసుకుంటుంది. 'కమిట్' అంటేనే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రాసిపెట్టుకుంటుంది. చెప్పని ఫైలు ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉంటుంది, అది తుడిచేస్తే పోతుంది అన్నాను.

"అయితే నువ్వు సెప్పడం మర్సిపోయేవన్నమాట" అంది అమ్మ.

అవునన్నాను. నువ్వూ అదే అన్నావు కదా. రోజూ సాయంత్రం అన్నీ యాడ్ చేసి, కమిట్ చేసి, ఆఫీసు సర్వర్‌కి పంపాకే లేచేదాన్నని నాకు గుర్తు. కానీ నువ్వు చూసి, చిన్నారి ఫోల్డర్ ఎక్కడా లేదన్నావు. లాప్‌టాప్ తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు "అన్నీ పంపించావా" అని అడిగావు కూడా. పంపానన్నాను. నువ్వు తుడిచేసి ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చావు. నిన్నేమని అనను? మళ్లీ వచ్చినప్పుడు నేను ఏడిస్తే దగ్గరకు తీసుకుని "పోనీలే, అందరికీ అవుతుంది" అన్నావు.

నువ్వు పంపిన కొత్త లాప్‌టాప్ ఇంకా పెట్టెలోనే ఉంది. తెరవాలంటే చెయ్యి రావడం లేదు. మళ్లీ మొదటినుంచి రాస్తాను. కాస్త టైమివ్వు.

నీ
ఝాన్సీ


చోడవరం,
శుక్రవారం.

ఉదయ్‌కి,

విశాఖలో నువ్వు స్టేజీ మీద సాఫ్ట్‌వేర్ చూపించిన వీడియో నిన్న అమ్మ ఫోన్‌కి ఎవరో పంపారు. అల్లుడు మాట్లాడుతున్నాడని అమ్మ సౌండ్ పెంచింది. నేను వంటింట్లో ఉన్నాను. యంత్రం సైన్సు పాఠం చదువుతోంది. 'క్రీస్తు పూర్వం' అని చక్కగా పలికింది. నువ్వు కష్టపడి మళ్లీ చేశావనుకుని, నిజం చెబుతున్నాను, సంతోషించాను. అంతలో అంది, "ఇక్కడ బొమ్మ ఉంది. పక్కనున్నవాళ్లని అడుగు, సిగ్గుపడకు."

హాలంతా చప్పట్లు. నువ్వు గొంతు కాస్త వణికిస్తూ, "ఈ ఒక్క మాట రాయడానికి చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాను" అన్నావు.

చిన్నారి మంచం మీదనుంచి లేచి నిలబడింది. "అక్కా, బావ కళ్లు మూసుకుని రాసేడా? తెరుసుకుని నాది సూసే రాసేడు" అంది.

అప్పుడు పెట్టె విప్పి కొత్త లాప్‌టాప్ తెరిచాను. సర్వర్లో ఉన్న మన పనంతా అందులోకి దించుకుని చూశాను. నీకు తెలిసినదే అయినా రాస్తున్నాను, నాకు నేను చెప్పుకుంటేగానీ నమ్మకం కుదరడం లేదు. యాడ్ చెయ్యని ఫైలుంటే గిట్ దాని పేరు ఎర్రటి అక్షరాల్లో చూపించి గుర్తుచేస్తుంది. కానీ ఫలానావి పట్టించుకోవద్దని దానికి ఒక జాబితా ఇవ్వొచ్చు. అందులో పేరు ఎక్కిందంటే, 'అన్నీ యాడ్ చెయ్యి' అన్నా వదిలేస్తుంది. ఎర్ర అక్షరమూ చూపించదు. ఆ జాబితాలో, పనికిరాని ఫైళ్ల మధ్య, చిన్నారి పేరుంది. ఆ లైను రాసింది నువ్వని గిట్ రాసిపెట్టుకుంది. ఫోల్డర్ మొదలుపెడుతున్నానని నేను సంబరంగా నీకు ఫోన్ చేసిన రోజునే.

నీ పేరుతో కొత్తగా చేరిన ఫైలు కూడా తెరిచాను. అన్నీ నా నియమాలే. నేను చేసిన అచ్చుతప్పులు కూడా దిద్దలేదు నువ్వు.

అంటే రోజూ నేను యాడ్ చేస్తూనే ఉన్నాను, అది రోజూ వదిలేస్తూనే ఉంది. మర్చిపోయానని అమ్మ ముందు తలదించుకున్నాను. చిన్నారికి సారీ చెప్పాను. నువ్వు అవన్నీ వింటూ ఊరుకున్నావు. ఫైళ్లు తీసుకుని ఊరుకుంటే దొంగతనం అనుకుని సరిపెట్టుకుందును. ఏడుస్తున్నదాని వీపు నిమురుతూ తప్పు దానిదేనని నమ్మించడాన్ని ఏమంటారో నాకు తెలియడం లేదు.

ఎందుకు చేశావో రాయి. ఫోన్ చెయ్యకు.

ఝాన్సీ


విశాఖపట్నం,
మంగళవారం.

ఝాన్సీకి,

జాబితాలో పెట్టింది దాచాలని కాదు. ఇంట్లో పిల్ల కోసం రాసుకునేవి ఆఫీసు పనిలో కలవకూడదనుకున్నాను. చెబితే బాధపడతావని చెప్పలేదు. లాప్‌టాప్ తుడిచే ముందు చూశాను. అంత బాగుంటుందని అనుకోలేదు. అప్పటికే అంతా నేనొక్కడినే చేస్తున్నానని అందరికీ చెప్పి ఉన్నాను. స్టేజీ ఎక్కాక వెనక్కి తగ్గలేకపోయాను. మొగుడూ పెళ్లాల్లో ఎవరి పేరుంటే ఏమిటిలే అనుకున్నాను.

దీనికింత పట్టుదలెందుకు? గిట్ రాసిపెట్టుకున్న చరిత్రని తిరగరాయొచ్చని నీకూ తెలుసు. పాత తేదీలతోనే, మొదటి రోజునుంచీ నీ పేరు ఉన్నట్టు మార్చేస్తాను. ఎవరికీ తెలియదు. అత్తయ్యకీ చిన్నారికీ నేను వచ్చి నచ్చజెబుతాను. వచ్చెయ్యి.

నీ
ఉదయ్


చోడవరం,
శనివారం.

ఉదయ్‌కుమార్ గారికి,

మీ ఉత్తరం చిన్నారికి చదివి వినిపించాను. మధ్యలో ఆపమంది. 'అంత బాగుంటుందని అనుకోలేదు' అన్నచోట. మళ్లీ చదవమనలేదు.

ఆ హాల్లోనే నిలబడి నిజం చెబుతానని రాస్తారేమోనని ఎదురుచూశాను. మీరు దాని జోలికే పోలేదు. నాకోసం ఇంకో అబద్ధం ఆడతానన్నారు, అది కూడా ప్రేమగానే. పాత తేదీల మీద నా పేరు రాయొద్దు. ఆ రోజుల్లో మీ లెక్కలో నా విలువ ఎంతో, అది ఉన్నదున్నట్టు ఉండనివ్వండి. మీరు దిద్దిన చరిత్రలో నాకు చోటు అక్కర్లేదు.

ఆ కార్యక్రమం పెట్టినవాళ్లకి జరిగింది రాసి పంపాను. చిన్నారి తన గొంతుతో "అది నేను సెప్పిన మాట" అని రికార్డు చేసి జతచేసింది. వాళ్లు నమ్ముతారో లేదో తెలియదు. నమ్మకపోయినా పంపేదాన్నే. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లలకు అందాలి, దాన్ని ఆపమని అడగలేదు. ఆఫీసు పని మానేస్తున్నాను. మీ దగ్గరకు రావడం కూడా.

ఈ ఉత్తరం ముగించబోతుంటే అమ్మకి మీ ఫోన్ వచ్చింది. నా ముఖం చూసి అమ్మ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టింది. "లేదని సెప్పీమంటావా?" అంది మెల్లగా.

"లేనని సెప్పకే అమ్మా. ఉన్నాను గానీ మాటాడనని సెప్పు" అన్నాను.

అమ్మ అడ్డం పెట్టిన చెయ్యి తీసేసింది. తర్వాత ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, మీరు విన్నారుగా, అలాగే చెప్పింది. "ఉంది బాబూ. నీతోటి మాటాడదట."

ఝాన్సీ