గార్త్ లిండ్‌హోమ్ ఎడమ వైపు

కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రం, ఎల్క్ క్రాసింగ్ ఊళ్ళో నలభై ఏళ్ళు వారపత్రికకు మంచు హాకీ వార్తలు రాసిన రోమన్ పావ్లిక్ అనే నేను, వయసు 78, ఆసుపత్రి మంచం మీద పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నెలాఖరు దాకా ఉండనని డాక్టరు చెప్పింది. దీన్ని అమలు చేయాల్సింది నా మేనకోడలు ఇరీన్.

1. ఇల్లు, ట్రక్కు ఇరీన్‌కి. చలికాలంలో ఇంజను వేడెక్కేందుకు రెండు గంటల ముందు కరెంటు ప్లగ్ పెట్టకపోతే ట్రక్కు కదలదు.

2. నా కాఫీ ఫ్లాస్కు మన ఊరి హాకీ జట్టు మిల్లర్స్ క్లబ్బు అధ్యక్షుడు మెర్విన్ టాట్‌కి. ఎలాగూ ఇరవై ఏళ్ళుగా అడక్కుండానే తాగుతున్నాడు.

3. ప్రతి ఆట లెక్కలూ రాసుకున్న నా ఆట పుస్తకాలన్నీ డోరిన్ లిండ్‌హోమ్‌కి. 2003 పుస్తకం ముందు చూడమనండి. ఆ ఫిబ్రవరిలో మిల్లర్స్ జట్టు కప్పు గెలిచే ఊపులో ఉంది. ఆమె భర్త గార్త్, సెంటర్ ఆటగాడు, పాత జట్టు నుంచి బయటికొచ్చి అప్పటికి ఏ జట్టులోనూ లేడు. అప్పుడు కోచ్‌గా ఉన్న మెర్విన్ నన్ను అడిగాడు: "వీణ్ణి తీసుకోమంటావా? నీ పుస్తకం ఏమంటోంది?" ఇద్దరు సెంటర్ల మధ్య రిఫరీ పక్ అనే రబ్బరు బిళ్ళను వదిలిన ప్రతి వందసార్లలో యాభై ఎనిమిదిసార్లు అది గార్త్‌కే దక్కుతుందని చెప్పాను. అది నిజం. పక్ వదిలే వలయాల్లో ఎడమ వైపుదాంట్లో చివరి తొమ్మిది ఆటల్లో నలభై ఒక్కసారికి ఆరే గెలిచాడని చెప్పలేదు. అదీ నిజమే. ఒకసారి అవతలి జట్టు బెంచీ మీదికెళ్ళి కూర్చోబోతే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పత్రికలో "పైశరీరపు గాయం నుంచి కోలుకున్నాడు" అని రాశాను. తలకు తగిలినా హాకీలో అంతకు మించి చెప్పరు. ఎక్కడో చెబితే ప్రత్యర్థులు అక్కడే కొడతారు. కాబట్టి నేనూ అడగలేదు.

ఫైనల్ మూడో ఆటలో ఎడమ నుంచి వచ్చి గుద్దినవాణ్ణి గార్త్ చూడనే లేదు. కప్పు మనదే. అతనికిప్పుడు 54. ఒక్కోరోజు డోరిన్ ఎవరో కూడా తెలియదు.

ఆ 2003 వేసవిలో డోరిన్ కిరాణా కొట్టులో నన్ను ఆపింది. "నీ కంటికి అన్నీ కనబడతాయిగా రోమన్. ఇది కనబడలేదా?" లేదన్నాను. అబద్ధం.

4. ఫిబ్రవరి 9న కోల్బీ రెంప్ అనే సెంటర్ ఆటగాణ్ణి తీసుకోవాలా వద్దా అని క్లబ్బు ఓటు వేస్తుంది. మెర్విన్ మొన్న నా మంచం దగ్గరికొచ్చి, "ముసలోడా, ఈసారి నీ పుస్తకం ఏమంటోంది?" అన్నాడు. నేను పోయినా, ఉన్నా, ఇరీన్ ఈ పేరా అక్కడ చదవాలి. అతను పక్ గెలుస్తాడు. మనకు అతను కావాలి. అతనొస్తే కప్పు రావచ్చు. కానీ చివరి ఏడు ఆటల్లో మంచు మీద వేగంగా మలుపు తిరిగేటప్పుడు తూలి పక్క గోడ పట్టుకున్నాడు. అలా పదకొండుసార్లు, లెక్కపెట్టాను. దెబ్బ ఎక్కడో ముందు అడగండి. "పైశరీరం" అంటే తీసుకోవద్దు. క్లబ్బుతో సంబంధం లేని డాక్టరు దగ్గరికి పంపండి.

5. ఆటలు జరిగే రింక్‌లో పత్రికల వాళ్ళ గదిలో నా కుర్చీ గార్త్‌కి. క్లబ్బు ఒప్పుకుంది. ఆట ఉన్న రోజుల్లో డోరిన్ తీసుకొస్తే చాలు. ఆ కుర్చీకి ఎడమ పక్క గోడ ఉంది. అటునుంచి ఎవరూ రారు.

2024 జనవరి 22, ఎల్క్ క్రాసింగ్.

(సంతకం) రోమన్ పావ్లిక్

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు: నర్సు బెర్నిస్ ఓకెమా, రింక్‌లో మంచు చదునుచేసే యంత్రం నడిపే ఆర్నీ ఫ్రీసెన్.